ఎవరి గుట్టలోంచి తీసిన ముక్క?

మొన్న వేసవిలో పది రోజులు అడవివరంలో అమ్మ దగ్గరున్నాను. వరండాలో కూర్చుంటే సింహాచలం కొండ ఎదురుగా కనిపిస్తుంది. సంపెంగలమ్మేవాళ్లు, అనాసపళ్ల బళ్లు, తొలిపావంచా దగ్గర మెట్టుమెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లు... ఎనభైకి దగ్గరపడుతున్న అమ్మకి రోజూ అదే కాలక్షేపం. ఆ ఆదివారం మాత్రం ఆవిడ కళ్లు వీధివైపు లేవు. వరండాలో పరిచిన చాప మీదున్నాయి.

చాప మీద మా చెల్లెలి కూతురు, దాంతో ఇంజనీరింగు చదివే స్నేహితులు ముగ్గురు, అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన దాని పెదనాన్న కొడుకు. మధ్యలో ఒక అట్టపెట్టె, ఇరవై ముఖాల పాచిక, రంగురంగుల కార్డులు. ఆ పెట్టె కుర్రవాడిదే. చిన్నప్పుడు అక్కడ కొనుక్కున్న ఆట, ఇక్కడి పిల్లలు ఇలాంటివి ఆడతారని తెలిసి తెచ్చాడు. పేరు గామా వరల్డ్. ప్రపంచం ఒకసారి నాశనమైపోయాక మిగిలిన వింత మనుషుల కథ. ఆటలో ఒక్కొక్కరికీ ఒక వింత శక్తి కార్డు రూపంలో వస్తుంది. పాచిక మీద ఒకటి పడితే ఆ శక్తి పోయి ఇంకో కార్డు తియ్యాలి. తమాషాగానే ఉంది. కాసేపటికి గమనించాను. నలుగురు పిల్లలూ పెట్టెతో వచ్చిన ఉమ్మడి గుట్టలోంచి తీస్తున్నారు. ఆ అబ్బాయి మాత్రం ప్లాస్టిక్ తొడుగులు వేసి దాచుకున్న తన సొంత గుట్టలోంచి తీస్తున్నాడు. వాడికి ఏ కార్డొచ్చినా మంచిదే. మా పిల్లకి వచ్చినవాటిలో సగం ఎందుకూ కొరగానివి.

నాకంటే ముందు అమ్మ అడిగేసింది. "అదేటర్రా, అందరూ ఒకే గుట్టలోంచి కదా తియ్యాలి? ఎవడి ముక్కలు ఆడే ఇంటికాడ్నించి తెచ్చుకుంటే అదేటాట?"

ఆ అబ్బాయి మంచివాడు. నవ్వాడు. "రూల్ బుక్కులోనే ఉంది, అమ్మమ్మగారూ" అన్నాడు.

నిజంగానే ఉంది. తర్వాత నేను చదివాను. ఈ వ్యాసం ఆ రూలు గురించి.

ఇలాంటి ఆటలు తెలియనివారి కోసం నాలుగు మాటలు. వీటిని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. నేను కథాటలు అంటాను. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "చీకటి పడింది, వాగు పొంగుతోంది, అవతలి ఒడ్డున ఎవరో అరుస్తున్నారు, ఏం చేస్తావు?" అని నడిపేవారు అడుగుతారు. "ఈదుతాను" అంటుంది పాత్ర. ఈదగలిగిందా, మునిగిందా? అది పాచిక చెప్పాలి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది అచ్చులోకి వచ్చింది. బొమ్మ సైనికుల్ని బల్ల మీద పేర్చుకుని యుద్ధాలాడే మగవాళ్ల క్లబ్బుల్లో పుట్టిన ఆట కాబట్టి మొదట్లో దాని భాషంతా మగభాషే. అది వేరే వ్యాసం.

నాకు ఆసక్తి కలిగించింది పాచిక చేసే పని. కథ నడిపేవారికి ఆ బల్ల దగ్గర చాలా అధికారం ఉంటుంది. రాక్షసుణ్ణి పుట్టించేదీ వాళ్లే, వంతెన కూల్చేదీ వాళ్లే. ఆ అధికారానికి ఒకే ఒక్క హద్దు, రాబోయేది వాళ్లకీ తెలియకపోవడం. పాచిక దొర్లుతున్న ఆ రెండు క్షణాలూ బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా సమానం. అన్న చెప్పిందే జరగాలి, తండ్రి అనుకున్నదే అవ్వాలి అన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ రెండు క్షణాల విలువ నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కథలో యాదృచ్ఛికత ఉండేది అందుకు. మరి ఆ యాదృచ్ఛికతనే ప్యాకెట్లలో కట్టి అమ్మితే?

1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే ఆట తయారుచేశాడు. ఇది కథాట కాదు, ఇద్దరి మధ్య జరిగే కార్డుల పోరు. కానీ కార్డులు అందరికీ ఒకేలా ఉండవు. ప్యాకెట్టు చింపేదాకా లోపలేముందో తెలియదు. మామూలు కార్డులు బోలెడు, అరుదైనది ఒకటి. ఎవరి గుట్ట వాళ్లు కూర్చుకోవాలి. మొదటి నియమాల్లో పందెం కూడా ఉండేది. ఆటకి ముందు తలా ఒక కార్డు పక్కన పెడితే గెలిచినవాడు రెండూ ఎత్తుకుపోవచ్చు. మన వీధి గోళీలాటే అనుకోండి. వేసిన సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అప్పటిదాకా కథాటల పుస్తకాలు వేసుకునే చిన్న సంస్థ. ఆ కార్డుల డబ్బుతో ఎంత పెరిగిందంటే 1997లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించే సంస్థనే కొనేసింది. 1999లో దీన్ని హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కొంది. మూసిన ప్యాకెట్ల వ్యాపారం నేర్చుకున్నవాళ్ల చేతిలోకి కథ చెప్పుకునే ఆట వచ్చింది. ఆ రెండింటినీ కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

కలపడం అంతకు ముందే మొదలైంది. 1995లో జొనాథన్ ట్వీట్ రూపొందించగా అదే సంస్థ వేసిన ఎవర్‌వే ఒక అందమైన ప్రయోగం. అందులో పాచికల్లేవు. బొమ్మల కార్డులు కొన్ని ముందు పెట్టుకుని, వాటిని చూస్తూ నా పాత్ర ఎవరో, ఎక్కడినుంచి వచ్చిందో, దేనికి భయపడుతుందో చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లు ప్రశ్నలడుగుతారు. బొమ్మ చూసి కథ అల్లడం మన ఆడపిల్లలకి కొత్తేమీ కాదు, పాత క్యాలెండర్లు అట్టలకి అంటించుకుని ఆడుకున్నవాళ్లమే కదా. కథ ఎటు తిరగాలో తేల్చడానికి ఇంకో గుట్ట, 36 కార్డులది, టారో కార్డుల్లాంటిది. కథ నడిపేవారు ఒక కార్డు తీసి, అది నిటారుగా ఉందా తలకిందులుగా ఉందా చూసి, అర్థం చెబుతారు. బొమ్మల కార్డులు ఇంకా కావాలంటే విడిగా ప్యాకెట్లు కొనుక్కోవాలి, ఏ బొమ్మలొస్తాయో తెలియకుండా.

ఆ మరుసటి ఏడు, 1996లో డ్రాగన్ స్టార్మ్ వచ్చింది. ఇందులో పాత్ర మొత్తం కార్డులే. పాత్ర జాతి ఒక కార్డు, నేర్చిన విద్య ఒక కార్డు, చేతిలో ఆయుధం ఒక కార్డు. అవన్నీ సేకరించుకోవలసినవే. దీన్ని తయారుచేసింది సూసన్ వాన్ క్యాంప్. మ్యాజిక్ తొలినాటి కార్డులకి బొమ్మలు వేసిన చిత్రకారిణి. ఈమె దగ్గరికి మళ్లీ వస్తాను.

2010 నాటి గామా వరల్డ్‌లో విషయం ఇంకా స్పష్టంగా ఉంది. పెట్టెలో 80 కార్డులుంటాయి, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ అదే ఉమ్మడి గుట్ట. అదొక్కటీ చాలు ఆడుకోవడానికి. అయితే ఎవరైనా కావాలనుకుంటే దాదాపు నాలుగు డాలర్లు పెట్టి ఎనిమిది కార్డుల ప్యాకెట్లు కొనుక్కుని, నచ్చినవి ఏరుకుని, తన సొంత గుట్ట పెట్టుకోవచ్చు. ఆ అబ్బాయి చూపించిన రూలు ఇదే. 2011లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కీ ఇదే పద్ధతిలో ఫార్చ్యూన్ కార్డులొచ్చాయి. అదృష్టం కార్డులన్నమాట. పేరులోనే ఉంది చూడండి, అదృష్టం ధర ఇంత అని. ఆ ప్రయోగం నిలబడలేదు. 2014లో వచ్చిన కొత్త నియమాలకి అలాంటి కార్డు ప్యాకెట్లతో పనిలేదు. బొమ్మ సైనికుల్ని మూసిన పెట్టెల్లో అమ్మడం మాత్రం ఆ తర్వాత కూడా సాగింది.

ఆగిపోయిన పద్ధతి గురించి ఇప్పుడు గొడవెందుకు అనవచ్చు. ఆ ఆగిపోయినదే మా వరండాలోకి వచ్చింది కాబట్టి. దాని వెనకున్న తర్కం ఆగిపోలేదు కాబట్టి. కంప్యూటరు ఆటల్లో డబ్బు కట్టి తెరిచే పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. నా ప్రశ్న జూదం గురించి కాదు, డబ్బు పోవడం గురించి అంతకంటే కాదు. కథ చెప్పుకునే చోటికి పర్సు వచ్చి కూర్చుంటే ఏమవుతుందన్నదే.

ఆ పర్సు ఎవరి జేబులో ఉంటుందో మనకి తెలుసు. మా చెల్లెలి పిల్లల చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో టాజోలొచ్చేవి, పోకెమాన్ బొమ్మల గుండ్రటి బిళ్లలు. వీధి చివర కొట్టుకి సైకిలు మీద వెళ్లేవాడు తమ్ముడు. చిల్లర మిగిలితే వాడిదే. అక్కకి సైకిలూ లేదు, కొట్టుకి వెళ్లే పనీ లేదు. వాడి దగ్గర డబ్బా నిండా టాజోలు, దాని దగ్గర వాడికి రెండోసారి వచ్చినవి నాలుగు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆడపిల్లకి టాజోలు కొనకూడదని ఏ ఇంట్లోనూ రూలు రాసుకోరు. సేకరించడమనే పనికి చేతిలో చిల్లర కావాలి, వీధిలోకి వెళ్లే వీలు కావాలి, సేకరించినవి దాచుకోవడానికి తనదంటూ ఒక మూల కావాలి. ఈ మూడూ ఎవరికి ఉంటాయో వాళ్లకి మంచి గుట్ట ఉంటుంది. మంచి గుట్ట ఉన్నవాడికి కథలో ఎక్కువ శక్తి ఉంటుంది. మూడు మెట్లలో ఇంటి లెక్క కథలోకి వచ్చేసింది. కథలో మా పిల్ల మహా మంత్రగత్తే కావచ్చు, ఆమె మంత్రం మాత్రం ఆ అబ్బాయి టీనేజీ పాకెట్ మనీ ముందు తేలిపోయింది.

ఆడపిల్లల ఆటల్లో అదృష్టం ఎక్కణ్ణించి వచ్చేదో గుర్తు చేసుకోండి. చింతపిక్కలు నేలకేసి ఒకవైపు అరగదీస్తే తెల్లబడేవి. ఆ నాలుగు పిక్కల్నీ అరచేతుల్లో కలిపి చాప మీద వెయ్యడమే. నాలుగు తెల్లవి పడ్డాయా, నాలుగు నల్లవి పడ్డాయా... అష్టాచెమ్మాకి అదే పాచిక. ఎవరు అరగదీసినా ఒక్కసారి చాప మీదకొచ్చాక అవి అందరివీ. నా పిక్కలతో నేను వేస్తాను, నీ పిక్కలతో నువ్వెయ్యి అన్నవాళ్లు నాకు గుర్తులేరు. సొంత పాచికలతో ఆడినవాడు మన కథల్లో ఒక్కడే, శకుని. ద్రౌపదిని పందెంలో ఒడ్డిన సభ గురించి మనం ఎన్నిసార్లో రాసుకున్నాం. ఆ సభలో ధర్మం గురించి, భర్తృత్వం గురించి, నోరెత్తని పెద్దల గురించి మాట్లాడుకున్నాం. పాచికలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం జానపదులు వేసుకున్నారు. అవి శకుని తండ్రి ఎముకలతో చేసినవనీ, అతని మాటే వింటాయనీ కథ కట్టి చెప్పుకున్నారు.

కార్డుల్లోనూ పాత పద్ధతి ఉమ్మడి గుట్టే. పక్కనే ఒడిశాలో గంజప్ప అంటారు, గుండ్రటి ముక్కలు. దశావతార గంజీఫాలో అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. మా అప్పన్న రెండు అవతారాలు కలిసిన దేవుడు కదా, వరాహమూ నరసింహమూ. అందులో ఆయనకి రెండు రంగులున్నాయని చెబితే అమ్మ మురిసిపోయింది. గుడ్డ పొరల్ని చింతపిక్కల జిగురుతో అంటించి, సుద్ద పూసి, ఆరబెట్టి, ఆ అట్ట మీద బొమ్మలు గీస్తారు. జిగురు ఉడకబెట్టడం, అట్ట తయారుచెయ్యడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని, బొమ్మ కింద పేరు మగవాడిది. ఈ అన్యాయం ఉండనే ఉంది. అయినా ఆట మొదలయ్యాక 120 ముక్కలూ ఒక్క గుట్టే, ఆడేవాళ్లందరికీ అందులోంచే పంపకం.

ఇదంతా చదివి వినిపిస్తే మా చెల్లెలి కూతురు ఒప్పుకోలేదు. "పెద్దమ్మా, ప్యాకెట్టు చింపేటప్పుడు ఉండే సరదా నీకు తెలీదు. పైగా మార్చుకోవడం ఉంటుంది. నా దగ్గర రెండున్నాయి, నీ దగ్గర రెండున్నాయి, మార్చుకుందాం అని తెలియనివాళ్లతో మాట కలుస్తుంది. మగపిల్లల మధ్య నాకు చోటు దొరికింది అలాగే" అంది. ఇది తేలిగ్గా కొట్టిపారెయ్యగలిగిన మాట కాదు. సూసన్ వాన్ క్యాంప్ విషయంలోనూ అంతే. ఒక చిత్రకారిణి పెద్ద సంస్థకి బొమ్మలు వేసిచ్చి ఊరుకోకుండా, తన కార్డులు తన చిన్న ప్రచురణ సంస్థ నుంచే తెచ్చుకుంది. ఒక స్త్రీ తన ఊహాలోకాన్ని తనే గీసి, నియమాలు రాసి, అచ్చువేయించి అమ్ముకోగలగడానికి ఆనాటి కార్డుల మార్కెట్టే దారి ఇచ్చింది. అయితే అక్కడా పాత్రకి కొత్త విద్య కావాలంటే కార్డు కావాలి, కార్డు కావాలంటే ప్యాకెట్టు కావాలి. ఆటని తయారుచేసిన స్త్రీకి దొరికిన స్వేచ్ఛ, దాన్ని ఆడే స్త్రీకి అదే పాళ్లలో దొరకలేదు.

సరే, అమ్మ మాటే ఖాయం, ఒకే గుట్టలోంచి తీస్తే చాలు అని ఇక్కడే వ్యాసం ముగించవచ్చు. కానీ అమ్మ మాట సగమే నిజమని నాకు తెలుసు. నా జీవితం ఉమ్మడి గుట్టలోంచి తీసిన ముక్కే.

1988 వేసవి. అప్పన్న చందనయాత్ర అయిన వారం. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే స్వామి అక్షయ తృతీయనాడు ఒక్కరోజు నిజరూపంలో కనిపిస్తాడు. ఆ నాలుగు రోజుల్లో తీసుకున్న నిర్ణయం తిరగదని మా నాన్న నమ్మకం. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఉన్నాను, డిగ్రీలో చేరాలని ఆశ. నాన్న దేవుడి పటం ముందు మూడు చీటీలు మడిచి పెట్టి, ఎనిమిదేళ్ల మా చెల్లెలి కళ్లు తుండుతో కట్టి ఒకటి తియ్యమన్నారు. అది తీసింది. ఏ మోసమూ లేదు. చీటీలు ఒకే కాయితంలోంచి చింపినవి, ఒకేలా మడిచినవి, తీసిన పిల్లకి లోపలేముందో తెలియదు. అంతకంటే న్యాయమైన పంపకం ఏ ఆటలోనూ ఉండదు. తర్వాత ఊడుస్తుంటే మిగిలిన రెండు చీటీలూ నాకే దొరికాయి. మూడింటి మీదా మూడు పెళ్లి సంబంధాలు. చదువు అని రాసిన చీటీ వెయ్యనేలేదు.

ఆ తీసిన చీటీతోనే ఇన్నేళ్లు కాపురం చేశాను. మనిషి చెడ్డవాడు కాదు. పెళ్లైన ఆరేళ్లకి ప్రైవేటుగా డిగ్రీ కట్టాను కూడా. నా ఫిర్యాదు ఆయన మీద కాదు, మడవని నాలుగో చీటీ మీద. దేవుడే తేల్చాడు అని నాన్న చివరిదాకా నమ్మారు. ఏమేం రాసిపెట్టాలో తేల్చింది తనేనన్న సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

తొలిపావంచా దగ్గర నా చిన్నప్పుడు చిలకజోస్యం చెప్పేవాళ్లు కూర్చునేవారు. అడవి చిలకల్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం, ఇప్పుడు పెద్దగా కనిపించడం లేదు. వరసగా పేర్చిన కార్డుల్లోంచి చిలక ఒకటి ముక్కుతో లాగుతుంది, కార్డు మీద దేవుడి బొమ్మ, ఆయన దాన్ని చూసి చదువుతాడు. బొమ్మ ఏదొచ్చినా అమ్మకి చెప్పింది మాత్రం మూడే మాటలు. కూతురి పెళ్లి, మగబిడ్డ, భర్త ఆరోగ్యం. అదే కార్డు మా మేనమామకొస్తే ఉద్యోగం, ప్రయాణం, కోర్టు వ్యవహారం. చిలకకి పక్షపాతం లేదు. చదివేవాడికి ఉంది. ఎవర్‌వేలో నాకు ఇబ్బందిగా తోచింది ఇదే. కార్డు ఎవరి చేతికొచ్చినా దాని అర్థం చెప్పే హక్కు కథ నడిపేవారిదైనప్పుడు, పాచిక పెట్టిన హద్దు చెరిగిపోతుంది. ఎంత అందమైన బొమ్మైనా చిలకజోస్యం బల్లే.

కాబట్టి నేను అమ్మ ప్రశ్నకి ఇంకో రెండు కలుపుతాను. ముక్కలు ఎవరి గుట్టలోంచి వచ్చాయి అన్నది ఒకటి. గుట్టలో ఏమేం రాసి పెట్టారు, రాసిందెవరు? తీశాక దాన్ని చదివేదెవరు? ప్యాకెట్ల వ్యాపారం మొదటిదాన్ని చెడగొట్టిందని అందరికీ కనిపిస్తుంది. ధర ముద్రించి ఉంటుంది కదా. మిగిలిన రెండూ చెడిపోయినప్పుడు ధర ఎక్కడా కనిపించదు.

ఈ మూడు ప్రశ్నలకీ దాదాపు సరైన జవాబిచ్చిన ఆటొకటి 2019లో వచ్చింది. అలెక్స్ రాబర్ట్స్ అనే రచయిత్రి తయారుచేసిన ఫర్ ది క్వీన్. చిన్న పెట్టె, ఒకే గుట్ట, అందరిదీ. కొనాల్సింది ఒక్కసారే. కథ నడిపేవారంటూ విడిగా ఎవరూ లేరు. ఒక రాణి ప్రమాదకరమైన ప్రయాణం చేస్తోంది, మనమంతా ఆమె వెంట ఉన్నాం. ఒక్కొక్కరూ వంతులవారీగా ఒక కార్డు తీస్తారు. కార్డు మీద శక్తి ఉండదు, ఆయుధం ఉండదు, ఒక ప్రశ్న ఉంటుంది, రాణికీ నీకూ మధ్య ఉన్నదాని గురించి. జవాబు తీసినవాళ్లే చెప్పాలి. అర్థం చెప్పే జ్యోతిష్యుడు లేడు. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే కార్డు పక్కవాళ్లకి ఇచ్చెయ్యొచ్చు. ఇంకా ఉంది. చాప మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డొకటి తెరిచి ఉంటుంది. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ప్రవేశపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా ఆటల్లో వాడుతున్నారు. కథ తనని నొప్పించే చోటికి పోతోందనిపిస్తే ఎవరైనా ఆ కార్డు మీద వేలు పెట్టవచ్చు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తారు. ఎందుకని అడగకూడదు.

ఎందుకని అడగకూడదు! ఈ నియమాన్ని నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను. వద్దు అనడానికి కారణాలు చెప్పీ చెప్పీ అలిసిపోయిన జాతి మనది. లోపం లేదని కాదు. రాణి, సేవకులు, విధేయత... దొరసాని లోకం నుంచి ఈ ఆట బయటపడలేదు. మా వరండాలో ఎవరికీ రాణి ఎవరో తెలియదు.

ఆ మాటే అంటే పిల్లలు వాళ్ల సొంత గుట్ట తయారుచెయ్యడం మొదలెట్టారు. అమెరికా అబ్బాయి కూడా కూర్చున్నాడు. అతని ప్లాస్టిక్ తొడుగుల కార్డులు ఉమ్మడి గుట్టలో కలపమంటే మాత్రం ఒప్పుకోలేదు, పాడైపోతాయని భయం, అందులో నిజం లేకపోలేదు. అమ్మ బీరువా పైనుంచి పాత శుభలేఖల కట్ట దించింది. అన్నీ దళసరి అట్టలు, ఒకవైపు ఖాళీ. ఈ ఇంట్లో ఏ పెళ్లికార్డూ పారెయ్యరు, సరుకుల చీటీలు రాసుకోవడానికి. కత్తెరతో నాలుగేసి ముక్కలు చేశారు. కథ కూడా ఇక్కడిదే పెట్టుకున్నారు. ఆ ముగ్గురు స్నేహితుల్లో ఒకమ్మాయిది గాజువాక, వాళ్ల తాతల భూమి ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయింది. విశాఖలో కార్డు అంటే రేషన్ కార్డు కంటే ముందు గుర్తొచ్చే కార్డు వాళ్లింట్లో ఉంది. ఆర్-కార్డు, నిర్వాసితులకిచ్చింది. దాన్ని పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లతరబడి తిరిగిన కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో. ఆ అమ్మాయి రాసిన మొదటి ప్రశ్న: ఇంట్లో కార్డు ఒకటే, పిల్లలు ముగ్గురు. ఎవరి పేరు చెప్పారు, ఎందుకు? మిగిలినవాళ్లు తలా పది రాశారు. నన్నూ రాయమన్నారు. నేను ఒకటే రాశాను: ఈ ఇంట్లో ఎవరి చదువు ఆపేశారు, ఆపమని ముందుగా అన్నదెవరు?

సాయంత్రం కరెంటు పోతే వరండాలోనే ఆడారు. అమ్మనీ కూర్చోబెట్టారు. పేకముక్కలు ఇంట్లోకొస్తే లక్ష్మి పోతుందని నాన్నతో జీవితమంతా పోట్లాడిన మనిషి, శుభలేఖ ముక్కలు కాబట్టి కూర్చుంది. రెండు వంతులు హుషారుగానే చెప్పింది. ఆర్-కార్డు కథలో ఆవిడ పాత్ర ముసలి తల్లి, కార్డుని బియ్యం డబ్బాలో దాచి ఎవరికీ ఇవ్వనంది. పిల్లలు పడిపడి నవ్వారు.

మూడో వంతులో నా ప్రశ్న ఆవిడ చేతికొచ్చింది. సెల్‌ఫోను వెలుగులో కళ్లజోడు సర్దుకుని చదువుకుంది. నావైపు చూడలేదు. కాసేపటికి చెయ్యి చాచి ఎక్స్ మీద వేలు పెట్టింది.

మా చెల్లెలి కూతురు ఆ ముక్కని తీసి గుట్ట అడుక్కి దోపి, పక్కనున్న అమ్మాయి వంతు అంది.